శ్రీశైలం సైకిల్ యాత్రకు టెంట్ కొనుట ఎట్లు?

శ్రీశైలానికి సైకిల్ మీద పోదామని నిశ్చయించుకున్న ఉత్తములారా, ముందు చేయాల్సిన పని టైర్లకు గాలి కొట్టించడం కాదు, టెంట్ కొనడం. "మల్లన్న దగ్గరికి టెంటేందిరా, కులానికో సత్రం ఉంది గదా" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నిజమే, ఉంది. మన కులం సత్రం నిండిపోయి ఉంటుంది. పక్క కులం సత్రంలో గుమాస్తా మన ఇంటిపేరు అడిగి ఆలోచనలో పడతాడు. ఆ గండం గడిచినా, ఒంటరి మనిషికి గది లేదనే మాట యాత్రాస్థలాల్లో చాలాచోట్ల వినబడేదే. ఆధార్ అడగని, గోత్రం అడగని, వెంట ఆలిని చూపించమనని ఇల్లు టెంట్ ఒక్కటే. కాబట్టి కొనండి.

బరువు సంగతి చూద్దాం. వెయ్యిన్నర, రెండు వేలకు దొరికే టెంట్ రెండున్నర కిలోల దాకా తూగుతుంది. కిలో దగ్గర తూగేది కావాలంటే ముప్పై వేలు పట్టుకుపోవాలి. తప్పకుండా ముప్పై వేలదే తీసుకోండి. శివరాత్రికి గట్టిగా ఉపవాసం ఉంటే ఆ కిలోన్నర ఊరికే తగ్గుతుందని చెప్పేవాళ్లతో స్నేహం మానేయండి. దోర్నాల నుంచి దాదాపు యాభై కిలోమీటర్ల ఘాటు రోడ్డు. శిఖరేశ్వరం దగ్గర ఎత్తు సుమారు 2,830 అడుగులు. శిఖరదర్శనం అయితే పునర్జన్మ ఉండదంటారు. సైకిల్ మీద వచ్చినవాడికి అక్కణ్ణుంచి గుడిదాకా పెడలు తొక్కే పని పెద్దగా ఉండదు, దిగుడే. మోక్షం మీద నాకు కాస్త నమ్మకం కుదిరేది ఆ మలుపులోనే.

"టూ పర్సన్" అని రాసి ఉన్నది ఒకరికి సరిపోతుంది. ఇద్దరు పడుకోవాలంటే ఆ ఇద్దరికీ మొన్ననే పెళ్లయి ఉండాలి. మడిచాక ఎంత పొడుగుందో మాత్రం షాపులో అడక్కండి. అరవై సెంటీమీటర్ల కడ్డీల మూటను హ్యాండిల్‌కు కట్టి, బ్రేకు పట్టుకోబోయి మూటను పట్టుకున్నప్పుడు అదే తెలుస్తుంది. అప్పుడు క్యారియర్ మీదకు మార్చి, పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టుకోవచ్చు.

తర్వాత వాన. సంచి మీద 3000 మి.మీ. అని గొప్పగా వేస్తారు. మూడు మీటర్ల నీటి ఒత్తిడిని ఆ గుడ్డ ఆపుతుందని దాని అర్థం. మీరు ఆ అర్థం జోలికి పోకండి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదంతా కురిసే సగటు వాన 670 మి.మీ. చిల్లర. అంటే నాలుగేళ్ల వానలు ఒక్క రాత్రే పడ్డా మీరు హాయిగా గురక పెట్టొచ్చన్నమాట. (సగటు లెక్కలకు లొంగని వానలూ ఉన్నాయి, 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో అక్కడివాళ్లనే అడగండి.) నిజానికి నీళ్లు గుడ్డలోంచి రావు, కుట్లలోంచి వస్తాయి. కుట్ల మీద లోపలివైపు టేపు అతికించారో లేదో గోరుతో గీకి చూడండి. షాపువాడు చిరాకు పడితే సరైన చోటే గీకుతున్నారని లెక్క.

ఇక మేకులు. ఇక్కడ మన నేల సంగతి చెప్పాలి. ఎండాకాలం సీమ ఎర్రనేలలో అల్యూమినియం మేకు దిగదు, వంగుతుంది. నంద్యాల వైపు నల్లరేగడి నెర్రెల్లో సుత్తి దెబ్బ అక్కర్లేకుండానే దిగిపోతుంది, మళ్లీ కనబడదు. కడప వైపు చాలాచోట్ల జానెడు లోపలే బండ. వానాకాలం వస్తే అదే రేగడి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య పేరుకుని చక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే సైకిల్‌ను మోస్తారు. టెంట్ కిలోనా రెండున్నరా అన్న చర్చ ముగుస్తుంది. అందుకని రెండు కడ్డీలు ఏటవాలుగా దూర్చగానే, మేకులతో పని లేకుండా నిలబడే రకం తీసుకోండి. ఈ ఒక్క ముక్కలో వెటకారం లేదు.

రంగు? ఆకుపచ్చదైతే అడవిలో కలిసిపోతుంది అంటాడు అమ్మేవాడు. ఎవరికి కనబడకుండా? దారి పొడుగునా పులుల అభయారణ్యం. ఇటు దోర్నాల వైపూ అటు మన్ననూరు వైపూ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. గేటు దాటి చెట్ల మధ్య టెంట్ వేస్తే ఎలుగుబంటి కంటే ముందు ఫారెస్టు వాళ్లు వస్తారు. అడవిలోనే పడుకుంటానని మంకుపట్టు పడితే ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖ వాళ్ల జంగిల్ క్యాంపు ఉంది. అక్కడికి టెంట్ మోసుకుపోనక్కర్లేదు.

ఉగాదికి కర్ణాటక నుంచి నడిచి వచ్చే భక్తులను మాత్రం పొరపాటున కూడా సలహా అడక్కండి. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి వస్తారు. భుజాన సంచి, అందులో ఒక దుప్పటి, చేతిలో నీళ్ల సీసా. అలిసినచోట చెట్టు కింద దుప్పటి పరుస్తారు, ఎండ రాకముందే దులిపి భుజాన వేసుకుంటారు. వాళ్ల సామాను తూకం వేస్తే అమెరికా అల్ట్రాలైట్ వీరులు తలదించుకోవాలి. వాళ్లను చూశాక ముప్పై వేల బిల్లు చూడబుద్ధి కాదు.

మరి టెంట్ ఎక్కడ వేస్తారంటారా? సత్రం మిద్దె మీద. గది ఇవ్వడానికి నియమాలు అడ్డొచ్చిన గుమాస్తా, మొహం వేలాడేసుకుని బతిమాలితే మిద్దె మెట్లు చూపిస్తాడు. పగలంతా ఎండ తాగిన మిద్దె రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కాబట్టి పైకప్పు సంచిలోనే ఉంచి, లోపలి జాలీ ఒక్కటే నిలబెట్టండి. ముప్పై వేల దోమతెరలో దర్జాగా పడుకోండి. తెల్లారి దర్శనానికి పోయేటప్పుడు అరటిపళ్లు లోపల పెట్టి జిప్పు వేయకండి. కోతికి జిప్పుతో కుస్తీ పట్టే ఓపిక ఉండదు, జాలీనే చింపుతుంది. లోపల ఏమీ ఉంచకుండా జిప్పు బార్లా తెరిచి పోతే, వచ్చి చూసుకుని వెళ్తుంది.

ఇంకొకటి. దోర్నాల గేటు దగ్గర "ఏంది సామీ ఆ మూట?" అని అడిగితే టెంటని చెప్పకండి. యాడేస్తావు, ఎందుకేస్తావు, అడివిలోనా అంటూ విచారణ మొదలైతే పొద్దు గూకుతుంది. దుప్పటి అనండి. "ఇంత లావు దుప్పటా!" అని ఆయన నోరు తెరిస్తే నవ్వి ఊరుకోండి. ధర మాత్రం చెప్పకండి.