యయాతి మీటరు

యవ్వనం తిరిగి తెచ్చుకోడానికి యయాతి మహారాజు కన్నకొడుకులను ఒక్కొక్కరినే అడుక్కోవాల్సి వచ్చింది. చివరికి పూరుడు జాలిపడ్డాడు. సెకండ్ హ్యాండ్ పికప్ బళ్ల బ్రోకరుకు ఆ బాధ లేదు. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి సాయంత్రం షెడ్డుకెళ్లి, తెల్లారేసరికి అరవై వేలతో బయటికొస్తుంది!

"సింగిల్ హ్యాండ్ అన్నా! టమాటాలు తప్ప ఏమీ ఎక్కించలేదు" అంటాడు. నిజమే కాబోలు. సిమెంటూ, కంకరా వాటంతటవే ఎక్కి కూర్చున్నట్టున్నాయి. మీటరుకు పడుచుదనమొచ్చింది గానీ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. స్టీరింగ్ గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉంది. వెనక కమాన్ కట్టలు చతికిలబడ్డాయి. అబద్ధం నేర్చింది మీటరొక్కటే. మిగతా బండంతా సాక్ష్యం చెబుతూనే ఉంది.

కొత్త పెయింటు చూసి మురిసేముందు సర్వీసు రికార్డు అడగండి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ ఉండాలి, ఆ కాగితమూ చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే అది తీసేయడానికి ఫారం 35, బండి మీ పేరుకు మారడానికి 29, 30 కావాలి. "ఫారాలెందుకన్నా, మన మధ్య నమ్మకం ముఖ్యం" అన్నాడా... చెప్పులేసుకుని బయల్దేరండి.

కొసమెరుపు: తిరిగిన బండి కొంటే తప్పులేదు, తిప్పిన మీటరు కొంటేనే తిప్పలు!