ఖమ్మం ఖిల్లా ఆత్మకథ

ఖమ్మం పట్టణం నడుమ స్తంభాద్రి గుట్టను చుట్టుకొని నిలిచిన ఈ ఖిల్లా, తన చరిత్ర తానే చెప్పుకోబోయి, పుట్టిన సంవత్సరం దగ్గరే తడబడుతుంది. క్రీ.శ. 950 ప్రాంతంలో రెడ్డి సోదరులు పునాది వేయించారని స్థానిక సంప్రదాయం చెబుతుండగా, బురుజులు, అంటే గోడను దాటి ముందుకు పొడుచుకువచ్చిన కావలి కట్టడాలు, ఫిరంగులు నిలపడానికి వీలుగా ఉండి, చాలా తరువాతి కాలాన్ని చూపుతాయి. కనుక ఒక రాజు ఒక్కసారి కట్టించిన కోటగా కాక, తరతరాల చేర్పుల మొత్తంగా తనను లెక్కించుకోవడమే దానికి సబబు. ఇక్కడి నుంచి ఓరుగల్లు దాకా సొరంగం ఉందన్న ప్రచారం విషయంలో మాత్రం, నూరు కిలోమీటర్లకు మించిన ఆ దూరాన్ని తలచుకొని, ఖిల్లా మౌనం వహిస్తుంది.

ఓరుగల్లు పీఠభూమికీ, కృష్ణా తీరానికీ, గోదావరి అడవులకూ నడుమ ఉండడమే దీని విలువ. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తరువాత చేతులు మారి, ఓరుగల్లులో 1504 నాటి శాసనం వేయించిన షితాబ్ ఖాన్ ఏలుబడిలోకి వచ్చిన ఈ కోటను, గోల్కొండ రాజ్య స్థాపకుడు సుల్తాన్ కులీ గెలుచుకున్నాడు. అక్కడి నుంచి యుద్ధం కన్నా శిస్తు వసూలే దీనికి ముఖ్యమైన పని అయింది. పక్కనున్న పాల్వంచ పరగణాలో, అంటే కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగంలో, తహశీల్దారుగా ఉన్న నేలకొండపల్లి కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి ఖైదయ్యాడు; అయితే రామదాసుగా పేరొందిన ఈ గోపన్నను బంధించిన పేరు గోల్కొండకు దక్కింది కాని ఖమ్మానికి కాదు.

గోల్కొండ తరువాత వచ్చిన ఆసఫ్‌జాహీల, అంటే హైదరాబాదు నిజాముల కాలంలో జాఫరుద్దౌలా తవ్వించిన జాఫర్ బావి ఫిరంగులకన్నా ఎక్కువ కాలం అక్కరకు వచ్చిందనాలి. అది మెట్ల బావి, అనగా నీటిమట్టం ఎంత తగ్గినా మెట్లమీదుగా దిగి నీళ్ళు ముంచుకోగల బావి. దానిమీదుగా వంతెన కూడా ఉంది. గుట్టపై కురిసిన వాన పల్లానికి జారిపోయే చోట, ముట్టడిని తట్టుకోవాలంటే గోడ మందం ఒక్కటే చాలదు.

1766లో నిజాము ఉత్తర సర్కారులను ఆంగ్ల కంపెనీకి ధారాదత్తం చేయగా ఖమ్మం సరిహద్దు ప్రాంతమయింది; 1860లో గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతమూ ఆంగ్లేయుల పరమయింది. 1889లో నిజాము రైలు మార్గం బెజవాడ చేరడంతో దారికాపు అవసరం తీరిపోయి, ఊరు గోడల వెలుపల పెరిగింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడి, 1959లో భద్రాచలం అందులో చేరేనాటికి, పాలన కలెక్టరు కచేరీది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి భద్రాచలం మళ్ళీ విడిపోయినప్పుడు ఖిల్లాతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడది చూడవచ్చేవారు ఎక్కే గుట్ట, ఖిల్లా బజారుకు ఇంటిపేరు.