రిపోర్టు బీరువాలో భద్రం

బోన్ డెన్సిటీ పరీక్షలో టీ-స్కోరు మైనస్ 2.7 వచ్చిందా? కంగారు పడకండి. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముకలు పలచబడుతున్నట్టు, మైనస్ 2.5కి దిగితే గుల్లబారినట్టు లెక్క. విరిగేదాకా అవి నొప్పీ పెట్టవు, నోరూ విప్పవు. కనుక ఆ కాగితాన్ని పట్టుచీరల కింద దాచేయండి. ఊరుకోని కూతురు క్యాల్షియం మాత్రలు కొని తెస్తే, అవి ఎముకల దాకా చేరకుండా చూసుకునే ఉపాయాలివి.

పొద్దున్నే పరగడుపున అన్ని మాత్రలూ ఒకే గుక్కలో మింగేయండి. పని తెమిలిపోతుంది. అందులో థైరాయిడ్ మాత్ర ఉంటే మరీ మంచిది. దానికీ క్యాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఒక్క గుక్కతో రెండు జబ్బుల్నీ పోషించినట్టే. పైగా మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే క్యాల్షియం కార్బొనేట్‌కి కడుపులో ఆమ్లం కావాలి. అందుకే భోజనంతో వేసుకోమంటారు. మీరు పరగడుపునే వేసుకోండి, ముందుగా గ్యాస్ మాత్ర కూడా పడేస్తే ఉన్న కాస్త ఆమ్లమూ తగ్గుతుంది. అట్ట మీద 1250 మి.గ్రా. అని కనిపిస్తే రోజు లెక్క సరిపోయిందని సంతోషించండి. అందులో అసలు క్యాల్షియం 500 అని చిన్నక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు వెతక్కండి. నిన్న మరిచిపోయారా? ఇవాళ రెండూ కలిపి మింగండి. ఒక విడతలో 500 దాటితే ఒంటికి పట్టే పాళ్లు తగ్గిపోతాయి, మనకు కావలసిందీ అదే.

ఇక తిండి. పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా., నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు 1200 కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. మన ఇళ్లల్లో పంపకం వేరు. చిక్కటి పాలు మనవడికి, గడ్డపెరుగు ఆయనకి, గిన్నె కడిగిన మజ్జిగ మీకు. ఈ పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఒక్క ఇల్లూ తప్పదు. మీ వాటా పాలు కాఫీలో రెండు చెంచాలు పడుతున్నాయి కదా, చాలు. ఎవరైనా అడిగితే రాగి జావ తాగుతున్నానని చెప్పండి. వంద గ్రాముల రాగుల్లో 350 మి.గ్రా. దాకా క్యాల్షియం ఉన్నమాట నిజమే. మీ గ్లాసులో పడేది రెండు చెంచాల పిండి, అంటే మహా అయితే డెబ్భై. నువ్వులుండలు సంక్రాంతికి చూసుకుందాం.

విటమిన్ డి కోసం తెల్లవారుజామున అయిదున్నరకి, చెవులకు మఫ్లరు చుట్టుకుని వాకింగ్‌కి వెళ్లండి. సూర్యుడు ఇంకా రాడు, బాధ లేదు. వడియాలూ ఊరమిరపకాయలూ డాబా మీద ఎండబెట్టి, మీరు మాత్రం గబగబా లోపలికొచ్చేయండి. పదకొండుకీ రెండుకీ మధ్య ఎండలో చేతులూ ముఖమూ కాసేపు ఉంచమంటారు గానీ, రంగు తగ్గితే పెళ్లిళ్లలో ఎవరు పలకరిస్తారు? మరీ పట్టుబడితే అద్దాల కిటికీ వెనక కుర్చీ వేసుకోండి. అద్దం వెలుగునీ వేడినీ వదిలి, విటమిన్ డి తయారుచేసే కిరణాల్ని ఆపేస్తుంది.

అరవై వేల యూనిట్ల పొడి ప్యాకెట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు రాసిస్తే, ఆ పాత చీటీనే ఏళ్ల తరబడి చూపించి కొనుక్కోండి. ఎక్కువైన విటమిన్ డి నీళ్లలో పోయే రకం కాదు, కొవ్వులో నిలవుంటుంది. రక్తంలో క్యాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటే, చూపించుకోవడానికి ఇంకో డాక్టరు దొరుకుతాడు.

చివరగా, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగిస్తానని కొడుకంటే ఒప్పుకోకండి. కొత్త టైల్స్‌కి చిల్లులు పడతాయి. వాటి ఖరీదు మీకు తెలుసు. తుంటి ఆపరేషన్ ఖరీదు ఇంకా ఎవరూ చెప్పలేదు కదా!