నాచారం ఇంటర్‌చేంజ్

నాచారంలో మెట్రో స్టేషన్ లేదు. ఆ మాట లైన్ల సారు ముందు అనకండి. ఆయన గీసిన ఏ-త్రీ కాగితం మీద అది రెండంతస్తుల్లో ఉంది. హబ్సిగూడలో నీలం లైను నుంచి చీలిన ఊదారంగు గీత నాచారం, మల్లాపూర్ మీదుగా చర్లపల్లికి పోతుంది. మౌలాలి నుంచి దిగొచ్చే నారింజ గీత దాన్ని నాచారంలో కలుస్తుంది. పారిశ్రామికవాడలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన చెయ్యి కాబట్టి గీత ఊరికే వంకర పోదు. పోయిందంటే కింద గుడో, ఆయనకిష్టమైన ఇరానీ హోటలో ఉందని అర్థం.

రైలు పిచ్చి ఉన్న ప్రతి గుంపులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆదివారం పొద్దున్నే చాయ్‌కి చేరే గుంపులో మిగతావాళ్ల సరుకంతా నిఖార్సైనది: లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజన్ల నంబర్లు, మౌలాలి డీజిళ్ల హారన్లు, ఎంఎంటీఎస్ ఆలస్యాలు. వీళ్లకు పెద్దదిక్కు నంబర్ల బాబు. లేని రైలు గురించి మాట్లాడటం రైలు మీద ప్రేమ కాదు, అజీర్తి అని ఆయన సిద్ధాంతం.

“మీ లైనుకు పైసలెవరిస్తరు సార్?”

“ఏ-త్రీ కాగితం అయిదు రూపాయలు. నేనే ఇస్తున్న.”

బాబు ఊరుకుంటాడా? ఊహలకిక్కడ చోటు లేదన్నాడు. సారు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“2008ల మెట్రో కడ్తమని మైటాసోళ్లు ఏమన్నరు? సర్కారు పైసలియ్యక్కర్లే, మేమే ఎదురు 30,311 కోట్లు కడ్తమన్నరు. టెండరు గాళ్లకే ఇచ్చిండ్రు. ఏడాది తిరగకుండ గాళ్ల సత్యం కంపెనీ మునిగె, ఒప్పందం రద్దాయె. గదీ ఊహంటే. నాది డ్రాయింగు!”

2010లో ఎల్ అండ్ టీ వచ్చి, 2017 నవంబరులో నాగోలు నుంచి రైలు కదిలేదాకా మెట్రో కూడా కాగితమేనని సారు వాదన. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ సంగతి ఆయన ఎత్తనే ఎత్తడు. 2018లో మొదలై, పైన రోడ్డు లేకుండా ఏళ్ల తరబడి నిలబడ్డ ఆ స్తంభాలను చూసినప్పుడు మాత్రం “నేనైతే ఇట్ల ఇడిసిపెట్టకపోదు” అని గొణుక్కుంటాడు. 2023లో రింగురోడ్డు మీద స్కైవాక్ తెరిచినప్పుడు, అది తన పాత కాగితంలోదేనని మమ్మల్నందర్నీ దాని చుట్టూ తిప్పాడు.

నా ఓటు సారుకే. ఉన్న ఇంజన్లు లెక్కపెట్టేవాడికి నాచారం రోడ్డు ఎంత ఇరుకో తెలియనక్కర్లేదు. లేని రైలు నడిపేవాడికి తెలియక తప్పదు. తెల్లవారుజామున టేపు పట్టుకుని కొలుస్తాడు, కుక్కలు కూడా మొరగడం మానేశాయి. ఎక్కడ స్తంభం వేస్తే ఏ దుకాణం పోతుందో రాసుకుని, దాని యజమానికి మనసులోనే నష్టపరిహారం కడతాడు. న్యాయం తప్పింది ఒక్కచోటే. హెచ్ఎంటీ నగర్‌లో వియ్యంకుడి ఇంటి ముందు స్టేషన్ పెట్టాడు, రద్దీ ఎక్కువని. మొన్న పెట్టుపోతల దగ్గర మాట తేడా వచ్చాక కొత్త మ్యాపులో ఆ రద్దీ అరకిలోమీటరు అవతలికి జరిగింది.

“ఇంట్ల నల్లా కారుతున్నది, గాయన మౌలాలికి సొరంగం తవ్వుతుండు” అంటుంది సారు వాళ్లావిడ, మా ఆంటీ.

ఆమధ్య ఇంజనీరింగ్ చదివే పిల్లాడొకడు గుంపులో చేరి, నాగోలు నుంచి చార్మినార్ దాకా మూసీ మీదుగా రోప్‌వే గీసి తెచ్చాడు. సారు కళ్లజోడు సర్దుకుని రెండు నిమిషాలు చూశాడు.

“ఏం పిలగా, ఇసొంటి గాలి ముచ్చట్లకు ఈడ చోటుండదు.”

నంబర్ల బాబు బల్ల చరిచి మరీ సమర్థించాడు. ఇద్దరూ ఒక్కమాట మీదికి రావడం అంతకుముందు మేమెవరం చూడలేదు. ఆ ఊపులో బాబు బెంచీ మీద కాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు:

“అది సరే గని సార్, మీ ఊదా లైను రైళ్లకు నంబర్లేం ఇచ్చిండ్రు?”

సారు ఇవ్వలేదు. బాబు అప్పటికే పెన్ను తీశాడు.