ఐదు నిమిషాల ముచ్చట

కారును నా అంత శ్రద్ధగా చూసుకునేవాడు మా అపార్ట్‌మెంట్‌లో లేడని గట్టి నమ్మకంతో బతికాను. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను కాబట్టి బండి సెల్లార్లోనే ఉంటుంది. ప్రతి ఆదివారం దిగివెళ్లి, కవరు తీసి, స్టార్ట్ చేసి, ఏసీ వేసుకుని పాటలు వింటూ ఐదు నిమిషాలు కూర్చునేవాణ్ణి. బ్యాటరీ చార్జ్ అవుతోందని నా లెక్క. అంతటితో ఆగానా? పక్క ఫ్లాట్ ఆయనకూ ఇదే ఉపదేశం చేశాను.

ఒక తెల్లవారుజామున అమ్మను రైలెక్కించాలి. తాళం తిప్పితే టకటకమన్న చప్పుడు, మీటర్ల దగ్గర లైట్ల మిణుకుమిణుకులు, అంతే. వాచ్‌మన్‌ను లేపి, ఇద్దరం కలిసి చెమటలు కక్కేలా నెట్టాం. ఆటోమేటిక్ బండి నెడితే స్టార్టవదన్న సంగతి ర్యాంపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. ‘‘ఆటో పిలువు నాయనా’’ అంది అమ్మ, నా మొహం చూడకుండా.

మధ్యాహ్నం మెకానిక్ కుర్రాడు మీటరు పెట్టాడు. నిండా చార్జ్ ఉంటే 12.6 వోల్టులు చూపాల్సింది 11.4 దగ్గర ఆగింది. ‘‘వారం వారం స్టార్ట్ చేస్తున్నానయ్యా’’ అన్నాను గొప్పగా.

‘‘ఎక్కడికెళ్లారు సార్?’’

‘‘ఎక్కడికీ లేదు.’’

వాడు నవ్వాపుకుని లెక్క చెప్పాడు. బండి ఆపి ఉన్నా అలారం, గడియారం, కంప్యూటరు కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, వారానికి ఎనిమిది పైచిలుకు. నాది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఏసీ, పాటలు పోగా ఐదు నిమిషాల ఐడ్లింగ్‌లో మిగిలేది ఏ మూలకు? పైగా చార్జ్ తగ్గి పడివున్న కొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత చార్జింగ్ పెట్టినా పట్టదు.

పాత బ్యాటరీ నేనే విప్పుతానని పానా తీసుకుని నేరుగా ప్లస్ మీద పెట్టాను. గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. ముందు మైనస్ విప్పాలట. లేకపోతే పానా బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాణ్ణని వాడికి చెప్పలేదు.

బండి తీయడం తక్కువైతే వారానికోసారి కనీసం అరగంట రోడ్డు మీద నడపండి. అది కుదరదా, సెల్లార్లో ప్లగ్గు ఉంటే నిండగానే తనంతట తానే కరెంటు తగ్గించుకునే చార్జరు పెట్టండి. నెలల తరబడి ఊరెళ్తుంటే మైనస్ విప్పేసి పొండి. వచ్చాక గడియారం సరిచేసుకోవడం కొత్త బ్యాటరీ కొనడం కంటే చవక.