పేరుంది, పిట్ట లేదు

మన దేశంలో జాబితాకెక్కడం తేలిక, దిగడం కష్టం. కాలం చేసి పదేళ్లయిన తాతగారు ఓటర్ల జాబితాలో నిక్షేపంగా ఉంటారు. పోలింగ్ రోజున ఆయన రాకపోయినా ఆయన ఓటు మాత్రం వేళకు పడిపోతుంది. ఇలాంటి దేశంలో "రుజువు చూపించు, లేకపోతే పేరు కొట్టేస్తాం" అనే జాబితా ఒకటుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉంది. కాకపోతే అది మనుషులది కాదు, పిట్టలది. ప్రవీణ్ జె., రాజా జయపాల్, ఆశీష్ పిట్టీ కూర్చి, 2016లో మన హైదరాబాద్ పత్రిక 'ఇండియన్ బర్డ్స్'లో అచ్చేయించిన భారతదేశ పక్షుల జాబితా అది. అప్పటికి లెక్క తేలిన జాతులు 1,263.

ఈ ముగ్గురూ చేసిన ఘోరాపరాధం ఏమిటంటే, ఆధారం అడగడం. మ్యూజియంలో నమూనా ఉందా? ఫొటో ఉందా? కూత రికార్డు చేశారా? ఎవరెవరు చూశారు? నూటయాభై ఏళ్ల కిందట ఎవరో దొరగారు పుస్తకంలో రాశారంటే చాలదట! దొర మాటకు సాక్ష్యం అడిగే రోజులొచ్చాయి, కలికాలం కాకపోతే ఏమిటి?

పాపం, మన పక్షి వీరుల గోడు ఎవరికి చెప్పుకోవాలి? ఒకాయన మోచేతి పొడవు లెన్సు కొన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువుగట్టున కాపు కాశాడు. ఏదో ఎగిరింది. అది ఆడ హారియర్ గద్ద. పాలిడ్ హారియర్ ఆడదానికీ, మాంటేగూ హారియర్ ఆడదానికీ తేడా చెప్పమంటే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే మెడ చుట్టూ ఉన్న పట్టీ, రెక్క కింది చారలు చూసి గాని నోరు విప్పరు. మనవాడు మాత్రం అరక్షణంలో తేల్చేశాడు, అది ఆ రెండూ కాదు, రాష్ట్రంలో ఇంతవరకూ ఎవరికీ కనబడని మూడోదని. సాయంత్రానికి, నమోదులు సరిచూసే పరిశీలకుడి దగ్గర్నుంచి మర్యాదగా ఒక ప్రశ్న వచ్చింది: "ఫొటో ఉంటే పంపగలరా?" ఇక వాట్సాప్ గ్రూపులో కురుక్షేత్రమే. "నా కళ్లనే అనుమానిస్తారా? మా జిల్లా అంటే మీకు చిన్నచూపు!" ఫొటో మాత్రం రాలేదు. ఇంకొకాయన అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆస్ట్రేలియా బడ్జెరిగర్‌ను కనిపెట్టి, ఖండాలు దాటి వచ్చిన వలస పక్షిగా నమోదు చేయమన్నాడు. అది కింది అంతస్తు పంజరంలోంచి వలస వచ్చింది.

వీళ్లందరికీ మూలపురుషుడు కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగన్. బ్రిటిష్ సైన్యంలో అధికారి, పక్షిశాస్త్రంలో మహానుభావుడు, మ్యూజియంలో దొంగ. పక్షుల గదిలోకి అడుగు పెట్టనివ్వకుండా బ్రిటిష్ మ్యూజియం కొంతకాలం ఆయన్ని నిషేధించింది కూడా. ఆయనగారు 1880ల్లో జేమ్స్ డేవిడ్సన్ ఖాందేశ్‌లో సేకరించిన ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను కాజేసి, పాత చీటీ పీకి, 1914లో గుజరాత్‌లో తానే కొట్టినట్టు కొత్త చీటీ కట్టాడు. చీటీ అంగుళమే గాని, అది తప్పించిన దారి దశాబ్దాల పాటు సాగింది. ఆ చీటీని నమ్మినవాళ్లు లేని చోట వెతికారు. చివరికి పమేలా రాస్‌ముస్సెన్ బృందం ఆ చీటీని పక్కనబెట్టి, పాత నమూనాలు నిజంగా దొరికిన ప్రాంతాలకు వెళ్లింది. 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గర ఆ పిట్ట పట్టపగలే కొమ్మ మీద కూర్చుని కనిపించింది, 113 ఏళ్ల తర్వాత! కాబట్టి "ఒక్క పేరు ఎక్కువైతే పోయేదేముంది?" అనేవాళ్లు ఆ గుడ్లగూబనే అడగాలి.

ఇంకో దొర ఉన్నాడు, నిజాయితీపరుడు. అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్. భారత పక్షుల మీద మహాగ్రంథం రాయాలని ఏళ్ల తరబడి పోగేసిన రాతప్రతులను సిమ్లాలో ఆయన నౌకరు బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. మనసు విరిగిన హ్యూమ్ వేలాది నమూనాలను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసి, పిట్టలకు బదులు నాయకులను పోగుచేయడం మొదలుపెట్టాడు. 1885లో కాంగ్రెస్ పుట్టింది. ఆ తర్వాత ఆ పార్టీలో జరిగిన చీలికలూ విలీనాలూ చూశాక, పక్షిశాస్త్రజ్ఞులు చేసే చీలికలూ విలీనాలూ మనకు ఒక లెక్కా? మన బొంతకాకి ఒక పుస్తకంలో ఒకే జాతి, ఇంకో పుస్తకంలో వేర్వేరు జాతులు. కాకి ఒక్క గుడ్డు అదనంగా పెట్టదు, జాబితాలో సంఖ్య మాత్రం పెరుగుతుంది. దాన్ని చూసి "దేశంలో జీవవైవిధ్యం పెరుగుతోంది" అని ఉపన్యాసం దంచే పెద్దమనిషి ఏదో ఒక వేదిక మీద తప్పకుండా దొరుకుతాడు.

అయితే రుజువు లేని పేరు కొట్టేయడం వేరు, కనబడని పిట్టను చచ్చిపోయిందనడం వేరు. హిమాలయ క్వెయిల్‌ను 1876 తర్వాత, గులాబీతల బాతును మన దేశంలో 1935 తర్వాత నిర్ధారణగా చూసినవాళ్లు లేరు. అయినా తొందరపడి తద్దినం పెట్టకూడదు. కలివికోడి సంగతి తెలిసిందేగా? 1900 ప్రాంతంలో కనుమరుగైంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. శాస్త్రం దస్త్రాల్లో వెతుకుతుంటే, రాత్రివేళ పొదల్లో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. కనబడిన పిట్టకు మనం చేసిన మర్యాద ఏమిటి? లంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించాం. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలను దాని పొదల మీదికే తోలాం. గొడవయ్యాక గాని కాలువ దారి మార్చలేదు.

అదీ మన పద్ధతి. పేరుకు రక్షణ, పిట్టకు పొక్లెయినర్. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టాం. అభయం ఉంది, అరణ్యం ఉంది, బట్టమేకే కనబడటం మానేసింది. రాష్ట్రం విడిపోయాక పాలపిట్ట తెలంగాణ వాటాకు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఏరుకుంది. ఆస్తుల పంపకం తెమలలేదు గాని పిట్టల పంపకం చకచకా తెమిలింది. ఆ పాలపిట్ట తగ్గిపోతోందని 2023 నాటి దేశ పక్షుల స్థితి నివేదిక మొత్తుకుంది. మనం మాత్రం దసరా నాడు దాన్ని పంజరంలో తిప్పేవాడికి పదో పరకో ఇచ్చి, దర్శనం చేసుకుని, ఏడాది పొడవునా విజయం ఖాయమని ఇంటికెళ్తాం.

అందుకే జాబితా కూర్చేవాళ్లకు ఒక విన్నపం. ఫలానా పిట్టను మొదట ఎవరు చూశారో, ఎవరు వర్ణించారో పేర్లతో సహా రాస్తున్నారు, సంతోషం. పక్కన ఇంకో గడి గీయండి. గడ్డి బీడును ఎవరు దున్నించారు, చెరువును ఎవరు పూడ్పించారు, ఆ ఫైలు మీద సంతకం ఎవరిది, ఇవన్నీ అందులో రాయండి. దానికి రుజువులు కావాలంటే ఫొటోలు, జీవోలు, శంకుస్థాపన శిలాఫలకాలు బోలెడున్నాయి. ఆ గడిలో తన పేరు చేర్చలేదని మాత్రం ఏ పెద్దమనిషీ వాట్సాప్‌లో యుద్ధానికి దిగడు.