ఐదు సెకన్ల స్వేచ్ఛ

విండోస్ 10కు కంపెనీ మద్దతు ఆగిపోయిన 2025 అక్టోబరు 14 దాటిన నాటి నుంచి మా ఇడుపులపాయ, వేంపల్లె చుట్టుపక్కల వీధికొక లినక్సు స్వాములోరు వెలిశాడు. “విండోస్ 10 పనైపోయింది, మా దారికి రాండి” అంటాడు. వస్తాం స్వామీ, ఏ మఠం అని మాత్రం అడగరాదు. లినక్సులో ఎన్ని రకాలో అన్ని మఠాలు. ఉబుంటు మఠం వాడికి మింట్ మఠం వాడు చాదస్తుడు. ఫెడోరా వాడు ఇద్దర్నీ చూసి జాలిపడతాడు. ఆర్చ్ వాడు మనం అడక్కముందే తాను ఆర్చ్ అని చెప్పేస్తాడు.

ఇక ‘వచ్చే ఏడాది అందరి కంప్యూటర్లలోనూ లినక్సే’ అనే జోస్యం. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి మఠం మా కడప జిల్లాలోనే ఉంది. ఆయనైనా ఒకే మాటను ఏటేటా తేదీ మార్చి చెప్పినట్టు నేను వినలేదు.

నేను అర్జీలు, పెళ్లిపత్రికలు టైపు చేసిచ్చే మనిషిని. దీపావళికి వచ్చిన మా మేనల్లుడు నా కంప్యూటరు మీట నొక్కి, చేతిలో ఫోను పట్టుకుని లెక్కపెట్టి, మొహం అదోలా పెట్టినాడు. “మామా, లేసేదానికి 14 సెకన్లు తీసుకుంటాంది. సిగ్గుచేటు.” నాకు సిగ్గేమీ కలగలేదు. పొద్దున అంగడి తెరిచి, మీట నొక్కి, ఊదుకడ్డీ వెలిగించి దండం పెట్టుకునేలోగా ఏ కంప్యూటరైనా లేస్తాది. దేవుడి దగ్గర తొందర పడే అలవాటు నాకు లేదు.

వాడు వింటేగా! ఒక లినక్సు ఎక్కించినాడు, 12 సెకన్లు. తీసేసి ఇంకొకటి ఎక్కించినాడు, 13. వాడి మొహం చూస్తే ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టుంది. మళ్లీ చెరిపినాడు. మా అక్క ఎర్రకారం దోసె వేసి పిలిస్తే “ఉండుమా, లేస్తాంది” అంటాడు. దోసె చల్లారిపోయింది. మూడో దినం రాత్రి పదకొండుకు వీధిలో ఇంకా టపాకాయలు కాలుస్తాంటే లోపలినుంచి కేక: “తొమ్మిది!”

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో సేటు కూడా మిల్లీగ్రాము కాడ ఇంత పంతం పట్టడు. నేను కాగితం తీసుకుని లెక్క వేసినా. దినానికి ఐదు సెకన్లు మిగిలితే ఏడాదికి 1,825 సెకన్లు. అంటే అరగంట. ఏడాదికి అరగంట మిగిల్చేదానికి మూడు దినాలు, ఒక పండగ, నాలుగు దోసెలు పోయినాయి. “ఆ అరగంటను ఏం చేస్తావురా?” అంటే, వాడు తడుముకోకుండా చెప్పినాడు: “కొత్తది వచ్చినాదంట మామా, ఎక్కించి చూస్తా.”

ఈ మఠాల మధ్య, ప్రోగ్రాములు ఎక్కించేదానికి స్నాప్ మేలా ఫ్లాట్‌ప్యాక్ మేలా అనే పంచాయితీ ఒకటుంది. తెర మీద బొమ్మ చూపించే వేలాండ్ తగాదా ఇంకొకటి. అవి నా అర్జీలకు అడ్డమూ రాలేదు, అక్కరకూ రాలేదు.

నాలుగో దినం పొద్దున ఒక పెద్దాయన వచ్చినాడు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందంట, తహశీల్దారుకు అర్జీ కావాల. తొమ్మిది సెకన్లలో లేచిన కంప్యూటరు ముందు దర్జాగా కూర్చున్నా. తెలుగు పడలేదు. నా పాత ఫైళ్లు తెరిస్తే డీటీపీ ఫాంట్లలో కొట్టిన అక్షరాలన్నీ పిచ్చిగీతలు. మేనల్లుడు పరుగెత్తుకొచ్చి నల్లతెర తెరిచి ఏవేవో ఆజ్ఞలు కొట్టినాడు. ఆ తెరలో తెలుగు కొడితే ఒత్తులొక చోట, గుణింతాలొక చోట. “తెలుగు కీబోర్డు పెట్టి చూడలేదా?” అంటే వాడన్న మాట ఇది: “అదెవరు వాడతారు మామా?”

ఎవరు వాడతారా? ఎదురుగా చెప్పులు విడిచి నిలబడిన ఆ పెద్దాయన వాడతాడు. నేను వాడతా. ఎవరి కోసమని ఈ లినక్సు స్వాములోర్లు సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి ఇంత గొంతు చించుకుంటున్నారు? బాగా నడిచే కంప్యూటరును ఒక చిప్పు లేదని పక్కన పెట్టించే కంపెనీ మీద నాకూ కోపమే. కానీ కంపెనీ తలుపులు మూసిపెట్టింది, మనం చేయగలిగింది లేదు. లినక్సులో తలుపులు తెరిచే ఉన్నాయి కదా! 1991లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ సరుకుకున్న గొప్పతనమే అది. ఎవరైనా లోపలికి పోయి, విప్పి, తమ భాషకు తగ్గట్టు దిద్దుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఆ పని ఏనాడో మొదలుపెట్టి తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. కేరళ సర్కారు బడుల్లో ఉబుంటు మీద వాళ్లే కట్టుకున్న సిస్టమ్ నడుస్తోంది. వాళ్లకు అది బడి పని. మనకు తెర మీద బొమ్మలు మార్చుకునే ఆట. తెరిచిన తలుపు ముందు నిలబడి, తలుపు ఎన్ని సెకన్లలో తెరుచుకుందో లెక్కపెడుతున్నాం. లోపల మెనూల్లో తెలుగు మధ్యన ఇంగ్లీషు ఇంకా తొంగిచూస్తూనే ఉంది. దాన్ని దిద్దే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఆ పొద్దు అర్జీ చేత్తో రాసిచ్చినా. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, “ఈ మిషను ఎందుకు పెట్టుకున్నావు నాయనా?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగినాడు.

ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల్లో పదో తరగతి చదివిన పిల్లలు అక్కడ ఆరేళ్లుండి ఇంజినీర్లవుతారు. అట్లాంటి పిల్లల నాయనలే నా దగ్గరికి అర్జీలకు వచ్చేది. అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈసారి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మీ కంప్యూటరు ఎన్ని సెకన్లలో లేస్తుందో చెప్పొద్దు. దాంట్లో తెలుగులో ఒక అర్జీ కొట్టి, అచ్చు తీసి, మీ నాయన చేతికివ్వండి. ఆయన తప్పు లేకుండా చదివిన దినాన మీ మఠంలో చేరతా. ఏ మఠమని కూడా అడగను.